నెమలి మెడలో ఎక్కువైన బెజ్జం

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అందుకే ఇది ముందు రాయలేకపోయాను. వచ్చాక కూడా సంతకం, బస్సు బోర్డులు చాలనుకున్నాను. మా అక్క మనవరాలు కంప్యూటర్లో వెబ్‌సైట్లు తయారు చేస్తుంది. ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు తెచ్చి వాడుకుంటారని, అందులో తప్పుంటే అదీ వెంటే వస్తుందని మొన్న విసుగ్గా చెప్పింది. పందొమ్మిది వందల ఎనభైల్లో కాశిబుగ్గలో నేను చేసిందీ అలాంటి పనే, అట్టల మీద.

మగ్గం పైన జాకార్డు పెట్టె ఉంటుంది. దానికి అట్టలను దండలా కుట్టి వేస్తారు. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. గళ్ల కాగితం మీది బొమ్మ చూసి ఒక్కో వరుసకు ఒక్కో అట్టలో బెజ్జాలు కొట్టడం నా పని. చదువు అక్కర్లేదు, గళ్లు లెక్కపెట్టడం వస్తే చాలు. సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. కళ్లు మూసినా గళ్లే కనిపించేవి.

మా వాడలో ఒకరి దండ ఇంకొకరు అడిగి తీసుకుపోయి, ఖాళీ అట్ట మీద పరిచి, బెజ్జం మీద బెజ్జం కొట్టుకునేవారు. ఎవరూ కాదనేవారు కాదు.

ఒక ఏడు నెమలి అంచు కొట్టి మా వెనకింటి కాకకు ఇచ్చాను. ఆయన మగ్గానికి వేయకముందే రెండిళ్లవాళ్లు తీసుకుపోయి తమ అట్టలు కొట్టుకున్నారు. ఆ అంచు మంచి ముఖం కిందికి ఉండేలా నేస్తారు. చీర కోసి తిరగేసేదాకా తప్పు కనబడదు. కాక తన చీర తిరగేస్తే ప్రతి నెమలి మెడ మీదా ఒక పోగు తేలి ఉంది.

చేనేత సంఘం పెద్దమనిషి చూసి, "కాకా, నీ కండ్లు మసకవడ్డయే. ఇగ తువ్వాలలు నెయ్యి" అన్నాడు.

బతుకంతా చీరలే నేసిన మనిషి. ఇంటికొచ్చి జాకార్డు పెట్టె దింపి, కొక్కేలన్నీ విప్పి, రెండు రోజులు తుడుస్తూ కూర్చున్నాడు.

నేను ఆ దండను గళ్ల కాగితంతో పోల్చి చూశాను. ఒక అట్టలో ఒక బెజ్జం ఎక్కువుంది. నేను కొట్టిందే.

నాతో అట్టలు కుట్టే వదినకు చెప్పాను. "ఊకో పిల్లా. చెప్తే నీకెవ్వలు పనిస్తరు? ఆయనకు కండ్లు నిజంగనే కనవడ్తలేవు" అంది. అదీ అబద్ధం కాదు. పదిహేను రోజులు ఊరుకున్నాను. అలసిన మనిషికి ఊరుకోవడం సులువు.

తర్వాత ఆ రెండిళ్ల చీరలూ వచ్చాయి. సంఘం అరుగు మీద అందరూ చేరారు.

"ఏందిరా, మన నెమళ్లన్నిటికి ఒక్కతీరుగ గొంతునొప్పి?"

"కాక ఇంట్ల దండ తెచ్చుకుంటిమి గదా. ముసలాయన ఏడనో అట్టకు మొల గుచ్చిండు. ఇగ ఆ ఇంట్లకెల్లి ఏం తెచ్చుకోవద్దు."

కాక కూడా వాళ్లతో పాటు నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ కూర్చోలేకపోయాను.

"ఆ బెజ్జం నేను కొట్టిన" అన్నాను. "గళ్లు లెక్కవెట్టుకుంట కునుకు తీసిన."

"గిన్ని దినాలు ఏడవోయినవ్ మరి?" అన్నాడు పెద్దమనిషి.

కాక నా వైపు చూడకుండానే అన్నాడు. "గిన్ని దినాల సంది నా కండ్లనే తిట్టుకుంటాన్న గద బిడ్డా."

మరునాడు పొద్దున జిగురు కోసం అన్నం మెతుకులు మెత్తగా పిసికి గిన్నెలో వేసుకుని, కాగితం ముక్కలు కత్తిరించుకుని, మొదట కాక ఇంటికి పోయాను. మగ్గం మీద తువ్వాల పడుగు ఉంది. ఆయన దండ తెచ్చి నా ముందు పెట్టి, పోయి మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆ బెజ్జం మూసి, ఆరేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. రెండో ఇంట్లోనూ అదే చేశాను. మూడో ఇంటివాళ్లు ఇంకా తలుపు తీయలేదు. గిన్నె పక్కన పెట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను.