నాచారంలో మునుం

నా నోరు మంచిది కాదని మా అమ్మ కూడా ఒప్పుకుంటుంది. నాచారంలో బస్సు సీట్ల కవర్లు కుట్టే యూనిట్‌లో నన్ను సూపర్‌వైజర్‌ని చేసింది కూడా ఆ నోరు చూసే. పద్నాలుగు మిషన్లు, పద్నాలుగు మంది ఆడవాళ్లు. అరిస్తే పని అవుతుందని గుంటూరు నుంచి నమ్ముకొచ్చిన దాన్ని నేను.

నిరుడు వేసవిలో ఓనరు స్పీడు పెంచమన్నాడు. గోడకి చార్టు అంటించాను. వారంలో ఎక్కువ కవర్లు కుట్టినవాళ్లకి స్టీలు టిఫిన్ డబ్బా. మొదటి వారమే మిషన్లు రయ్యిమన్నాయి. ఒక చురుకైన అమ్మాయి వరసగా మూడు డబ్బాలు గెలుచుకుంది. చార్టులో అట్టడుగున ఎప్పుడూ ఒకావిడే ఉండేది. యాభై దాటిన మనిషి. బోడుప్పల్ వాళ్లు, ప్లాట్లు రాకముందు పొలం చేసుకునేవాళ్లు. "మీరు ఒక్కటి కుట్టేలోపు బస్సు వరంగల్ వెళ్లి తిరిగొస్తుందమ్మా," అని అందరి ముందూ అనేదాన్ని. ఆవిడ తలెత్తేది కాదు.

నెల తిరక్కుండా లోడు మొత్తం వెనక్కి వచ్చింది. మనిషి కూర్చోగానే కుట్టు పిగిలిపోతోందట. ఓనరు నన్ను పిలిచి రెండు ముక్కల్లో చెప్పాడు. వచ్చే లోడు కూడా తిరిగొస్తే కుట్టు సెక్షన్ మూసేసి పని బయటికి ఇచ్చేస్తాడు. పద్నాలుగు మందీ ఇంటికే, వాళ్లతోపాటు నేనూ.

మిషన్లు ఒక్కొక్కటే చూశాను. త్వరగా అవుతుందని అందరూ కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం పెంచేసుకున్నారు. పెంచనిది ఆ పెద్దావిడ ఒక్కతే. ఇక నేను అందరి మీదా నోరు పారేసుకున్నాను. నా అరుపులు అయ్యేదాకా ఆగి, ఆవిడ నెమ్మదిగా లేచింది.

"మేడం, జర ఇనున్రి. కలుపు తీసేటప్పుడు అందరం వరుసగ మునుం పడ్తం. ఒక్కొక్కలకు ఒక్కో సాలు. ఒక్కతి ఉరికి గట్టెక్కితే ఏమొస్తది? ఎన్కవడ్డదాని సాలు పక్కామె అందుకుంటది. గట్టుకు అందరం ఒక్కసారే వోతం. మీరు గీ డబ్బాలు వెట్టినంక ఎవలది వాళ్లకే అయింది. అన్నం సుత కలిసి తింటలేరు."

నిజమే. చార్టు రాకముందు మధ్యాహ్నం కూరలు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవి. ఇప్పుడు ఎవరి గిన్నె మీద వాళ్లు వంగి తింటున్నారు. నాకు తల తీసేసినట్టయింది. తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. చార్టు చింపేశాను.

మర్నాడు మిషన్లు దగ్గరికి జరిపించాను. పక్కామె రెండు చేతులతో గుంజి చూడనిదే కవరు కుప్పలోకి పోకూడదు. వదులుంటే ఊడదీయాల్సిందే. పని అయినవాళ్లు వెనకబడ్డవాళ్ల ముక్కలు అందుకోవాలి. మొదటి రెండు రోజులూ పానిపట్టు యుద్ధమే. "నా కుట్టు గుంజనీకి నువ్వెవ్వలు?" అని కీచులాటలు. నాలుగో రోజు ఆ చురుకైన అమ్మాయి తను గెలిచిన డబ్బాలో మామిడికాయ తొక్కు తెచ్చి మధ్యలో పెట్టింది. అందరి చేతులూ అందులోకే వెళ్లాయి. నేనూ ఒక ముద్దకి చెయ్యి చాపాను.

లోడు ఇవ్వాల్సిన రోజు ఆ అమ్మాయి రాలేదు. బిడ్డకి జ్వరమని దవాఖానాకి వెళ్లింది. కవర్లు కొనే బస్సు కంపెనీ నుంచి చెకింగ్ ఆయన మూడు గంటలకి వస్తాడు. కవర్లు ఇంకా పన్నెండు తక్కువ. ఇంకేం ఆలోచించకుండా వెళ్లి ఖాళీ మిషన్ మీద కూర్చున్నాను. ఎప్పుడో జాకెట్లు కుట్టిన చెయ్యి అది. మొదటి కవరు ముగించేసరికి చెమటలు పట్టాయి. పక్కనున్న పెద్దావిడ దాన్ని తీసుకుని ఒక్క గుంజు గుంజింది. మూల విచ్చుకుంది.

"వదులున్నది మేడం. ఊడదియ్యున్రి."

మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ నా మొహమే చూస్తున్నారు. కోపం ముక్కు మీదికి వచ్చిన మాట నిజం. బ్లేడు అందుకుని ఊడదీశాను. మళ్లీ కుట్టాను. మూల కాస్త వంకర పోయింది కానీ ఈసారి ఎంత గుంజినా రాలేదు. రెండోదానికి ముక్కల కోసం చెయ్యి చాపితే నా కట్ట సగానికి తగ్గిపోయి ఉంది. అటునుంచి ఒక చెయ్యి, ఇటునుంచి ఒక చెయ్యి నా ముక్కలు పట్టుకుపోతున్నాయి.

మూడింటికి చెకింగ్ ఆయన వచ్చాడు. కుప్పలోంచి చేతికందినవి మూడు లాగాడు. మూడోదాని మూల వంకరగా ఉంది. పద్నాలుగు మంది బువ్వ ఆ వంకర మూల మీదికి వచ్చింది. దాన్ని సీటుకి తొడిగి ధబీమని కూర్చున్నాడు. లేచి, కుట్టు దగ్గర రెండు బొటనవేళ్లు పెట్టి బలం కొద్దీ చీల్చబోయాడు. రాలేదు. ఇంకోసారి గుంజాడు. అయినా రాలేదు.

"మంచిగున్నయ్. వచ్చే నెల డబల్ పంపున్రి," అని ఓనరుకి చెప్పి సంతకం పెట్టాడు.

ఆయన గేటు దాటాడో లేదో షెడ్డు ఈలలతో దద్దరిల్లింది. ఎవరో ఆ అమ్మాయికి ఫోన్ కలిపి, అందరూ ఒక్కసారే ఫోన్లోకి అరిచారు. నేను మిషన్ మీద తల పెట్టుకుని భోరున ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

వీపు మీద ఒక గరుకు చెయ్యి పడింది. పెద్దావిడ నా వంకర మూలని చూసి నవ్వుతోంది.

"ఎట్లనో గట్ల నువ్వు సుత గట్టెక్కినవ్ బిడ్డా."