రాళ్లను రప్పించిన సుంకులమ్మ

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. కోయిలకుంట్ల సంతవీధి మూలన ఉండే సుంకులమ్మకు చిన్ననాటి జ్వరంతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులు మాత్రం అలాంటిలాంటివి కావు. ఆమె ఉలి ఎత్తితే తిరగలి తనంతట తానే గాట్లు పెట్టించుకుంటుందని ఊళ్లో చెప్పుకునేవారు. పని నేర్పింది తండ్రి కంబన్నే. ఆయన ఊరూరా తిరిగి, అరిగిన తిరగళ్లకు గాట్లు కొట్టి వస్తాడు. తనూ సొంతంగా మొదలుపెడతానని సుంకులమ్మ అంటే నవ్వాడు.

“నడిస్తేనే ఈ పని మే. రాయి నీ కాడికి నడిచొస్తాదా?”

“సంతకు బండ్లు వస్తాండాయి గదా నాయనా. పొద్దున దించిపోతే మాపటికి కొట్టి ఇస్తా.”

ఒక్క సంత చూస్తానన్నాడు కంబన్న. తేడా వస్తే ఉలి పక్కనపెట్టి, కడపలో మేనత్త పంచన చేరాల్సిందే.

సంతనాడు ఏడు తిరగళ్లు దిగాయి. సుంకులమ్మ వేగానికి సుత్తి కనబడలేదు, మోతే వినబడింది. లేచిన రాతిపొడిని చూసి మబ్బు పట్టిందని ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తుకున్నవాళ్లూ ఉన్నారు. పొద్దు వాలకముందే ఏడూ సిద్ధం. అప్పుడు చూసుకుంది. బండ్లవాళ్లు పైరాళ్లన్నీ ఒక కుప్ప, కిందిరాళ్లన్నీ ఒక కుప్ప వేసి పోయారు. ఇంటింటికీ వెళ్లి ఒక్కోటీ కొట్టే కంబన్నకు గుర్తులు పెట్టే అవసరమే ఎన్నడూ రాలేదు. ఏళ్లుగా కలిసి అరిగిన జతే కుదురుతుంది; మరొకటి కూర్చోదు.

కిందిరాళ్లను ఎవరివి వాళ్లు గుర్తుపట్టారు గానీ, బాగున్న పైరాయి నాదంటే నాదని ఆడవాళ్లు లేచారు. ఆ గోలకు కుందూలో చేపలు పెన్నేటి దాకా పారిపోయాయట.

“కూర్చున్నచోట యాపారమంటే ఇట్లే ఉంటాది” అంది పెద్దింటి నాగలక్ష్మమ్మ.

సుంకులమ్మ జొన్నలు అడిగింది. ఒక పైరాయి ఎత్తించి, కిందిరాయి మీద పెట్టి తిప్పింది. నూక రాలింది. తీయించి ఇంకోటి పెట్టించింది. పిండి రాలింది. జనం మూగారు, పందేలు కాశారు. ఒక్కో జత కుదిరినప్పుడల్లా వీధంతా కేక. ఆరు జతలు బండెక్కాయి. ఏడోది నాగలక్ష్మమ్మది. అది కుదరకపోతే ముందు ఆరింటిలో ఎక్కడో తప్పు జరిగినట్టే. ఆమే కూర్చుని తిప్పింది. విభూతిలాంటి పిండి.

వేళ్ల మధ్య నలిపి చూసి, “వచ్చే సంతకు మా రోలు గూడా పంపిస్తా. దానికి పైరాయి లేదులే, తారుమారు కాదు” అంది.

మరుసటి సంతకు బండ్లు బారులు తీరాయి. ఈసారి దించగానే ఒక్కో జతకు ఒక్కో లెక్కన, పైరాయికీ కిందిరాయికీ చుక్కలు చెక్కింది సుంకులమ్మ. ఊళ్లమీదికి వెళ్లిన కంబన్న మధ్యాహ్నానికే ఉలి సంచితో తిరిగొచ్చాడు.

“యాడ పోయినా రాయి లేదు మే. అన్నీ నీ కాడికే వచ్చినాయంట.”

“ఉలి ఉండాది గదా, ఈడ కూర్చో నాయనా” అని సుంకులమ్మ జరిగి చోటిచ్చింది.