కలిసిపోయిన గొంతులు

మాఘమాసం, ఆదివారం సాయంత్రం. ఉన్నవారు: నా భార్య, హైదరాబాదులో శబ్దాల మీద పరిశోధన చేస్తున్న మా చిన్నమ్మాయి, పక్కింటి ఆమె, నేను.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదు దవాఖానకు బయలుదేరాలి. నా భార్య గొంతులో క్యాన్సర్ పుండు ముదిరింది. స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు. ఆ తర్వాత ఆమెకు ఇక మాట ఉండదు. బొంగురుపోయినా ఇప్పటికింకా ఆమె గొంతే. ఆ గొంతును తను తయారుచేసిన కంప్యూటరు ప్రోగ్రాముకు నేర్పిస్తే, రేపు ఆమె ఫోనులో రాసింది ఆమె గొంతుతోనే పలుకుతుందని మా అమ్మాయి ఆశ. అందుకు ఆమె ఒక్కదాని మాటలు కావాలి, వేరే చప్పుడు లేకుండా.

నేను పద్ధతి ప్రకారమే చేశాను. ఫ్రిజ్ ఆపాను, గోడ గడియారం సెల్లు తీశాను, తలుపు సందులో దుప్పటి కుక్కాను. అమ్మాయి ఇచ్చిన వాక్యాలను పెద్ద అక్షరాలతో రాసి ముందు పెట్టాను. నా భార్య బడిలో నిలబెట్టిన పిల్లలా చదివింది. అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసేసింది.

"గిది అమ్మ కాదు నాయినా. దీంతోని నేర్పితే రేడియోల వార్తలు చదివినట్టే మాట్లాడ్తది."

"మామూలుగ మాట్లాడరాదా" అని నా భార్యతో అన్నాను.

"గీ డబ్బాతోని ఏం మాట్లాడాలె? నువ్వు మాట్లాడు" అంది ఆమె మైకు చూపించి.

అంతలో పక్కింటి ఆమె తలుపు నెట్టుకుని వచ్చింది. కర్ణాటక సరిహద్దులో నాగల్‌గిద్ద దిక్కు మనిషి, ఇంట్లో మాట్లాడేది కన్నడం.

"ఏనక్కా, తలుపులన్ని మూసుకొని ఏం తింటున్రు?"

"నీ కూరనే. ఉప్పు లేక బయట పడేసుడెట్లని సూస్తున్నం."

ఇక మొదలైంది. ఆ ఇద్దరూ ఒకరి మాట అయ్యాక ఒకరు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడాల్సిందే. నా భార్య గొంతు లేచింది, నవ్వింది, దెప్పింది. అమ్మాయి మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది.

"ఒక్కొక్కలు మాట్లాడుండ్రి!"

ఇద్దరూ ఆగారు. నా భార్య మైకు దిక్కు తిరిగి, "నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా?" అంది.

"అయ్య, గిదేం మాటక్కా!" అని పక్కింటి ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

రెండు గొంతులను విడదీసే పద్ధతి అమ్మాయికి తెలుసు. ఆ రాత్రి దాని మీదే కూర్చుంది. ఉన్నది ఒకటే మైకు, ఇద్దరివీ ఇంచుమించు ఒకే తీరు గొంతులు. విడదీసి వినిపిస్తే నా భార్య మాటల చివరలు తెగిపోయాయి, మధ్యలో ఆమె గొంతు నుంచి పక్కింటి ఆమె నవ్వు వచ్చింది. అమ్మాయి తల పట్టుకుంది.

"అందరియి విడదీసిన నాయినా. మా అమ్మది ఒక్కటి చేతనైతలేదు."

రోజూ పడుకునే ముందు మరుసటి రోజు పనులు రాసుకుంటాను. ఆ రోజు ఏమీ తోచలేదు.

తెల్లవారి జీపు వచ్చింది. పక్కింటి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. ఎవరూ చెప్పలేదు, తనకు తానే అలా వచ్చింది. అమ్మాయి గబగబా రికార్డింగు పెట్టింది.

"పిల్లికి పాలు పొయ్యి. మిద్దె మీద కందులు ఎత్తిపెట్టు" అంది నా భార్య. పక్కింటి ఆమె కొంగును ఇంకా లోపలికి కుక్కుకుంది.

"ఏందే, నోట్లె బట్టేంది? నేనింక సావలే."

పక్కింటి ఆమె తల అడ్డంగా ఊపి మైకు చూపించింది. కళ్ల నీళ్లు కారుతున్నాయి.

"మాట్లాడవే. నీకు దండం పెడ్త, మాట్లాడు."

కొంగు జారింది. "అక్కా" అన్నదో లేదో, మళ్లీ ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"సాల్తదా?" అని అమ్మాయిని అడిగాను.

"తెల్వదు నాయినా."

ఈసారి అమ్మాయి ఆపమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు హారను కొట్టాడు. జీపు కదిలేదాకా కిటికీ పట్టుకుని ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు.