గుండయ్య బరువంత బెల్లం

హనుమకొండ మిషను కాంపౌండు వెనక సందులో గుండయ్య అని ఒకాయన ఉండేవాడు. బాప్తిస్మం ఇచ్చిన రోజు పాస్టరుగారు గిద్యోను అని పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఊరంతటికీ ఆయన ఆరా గుండయ్య. తప్పిపోయిన ఎడ్లు, చెప్పాపెట్టకుండా పోయిన అల్లుళ్లు, పెళ్లి ఖాయం చేసుకునే ముందు పిల్లవాడి అసలు గుణం, ఏది కావాలన్నా గుండయ్యకు చెబితే చాలు. నాలుగు వీధులు తిరిగి, పదిమందితో చాయ్ తాగి, సంగతి తెచ్చి ముందు పెట్టేవాడు. నిజాం సర్కారు రోజుల్లో వరంగల్లులో ఈ పనితో బతికినవాడు ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉన్నా, మండే ఎండలో నల్లకోటు వేసుకుని, జేబులో బైబిలు పెట్టుకుని రహస్యంగా తిరుగుతున్నానని నమ్మే మనిషి మాత్రం ఉండడు.

అంతకు ముందు ఆయన పోలీసు జవాను. ఒక దొంగ వెంట గోడ దూకి కాలు విరగ్గొట్టుకుంటే మిషను దవాఖానలో పడుకోబెట్టారు. చదవడానికి అక్కడ వేరే పుస్తకం లేక బైబిలు చదివాడు. కాలు అతుక్కునేసరికి మనసు కూడా అక్కడే అతుక్కుంది. కొలువులో మళ్లీ చేరాక, చూడని దొంగతనాన్ని చూశానని సాక్ష్యం చెప్పమన్నాడు ఠాణా పెద్ద అమీను. గుండయ్య చెప్పనన్నాడు. ఆ సాయంత్రమే నడుముపట్టీ విప్పి ఇచ్చి ఇంటికొచ్చాడు.

ఆ ఇల్లు మాత్రం కాశిబుగ్గలో పుట్టిన ఇల్లు కాదు. అది అప్పటికే మూసుకుపోయింది. బాప్తిస్మం తీసుకున్నానని చెప్పిన రోజు తమ్ముడు కైలాసం మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండా, "ఇగ ఈ ఇంట్ల నీ పేరు తియ్యం" అన్నాడు. తల్లి రాజవ్వ పొమ్మనలేదు, ఉండమనలేదు, రాట్నం తిప్పుతూ కండెలు చుట్టుకుంటూ కూచుంది. అప్పటినుంచి బజారులో ఎదురైతే "తిన్నవా" అని అడిగి పోతుందే తప్ప, గుండయ్య గడప తొక్కలేదు, ఆ ఇంటి మంచినీళ్లు ముట్టలేదు. గుండయ్యకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఒక్కటే. అవ్వ ఒక్కసారి తన ఇంటికి రావాలి. ఊళ్లో అందరివీ వెతికిపెట్టేవాడికి ఇది మాత్రం ఎక్కడ వెతకాలో తెలిసేది కాదు.

యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలంలో ఒక పొద్దున కైలాసం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గుండయ్య భార్య సరోజన చూసి చేతిలో చాట అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

"లోపటికి రా, కూసో" అన్నాడు గుండయ్య.

"కూసునేటందుకు రాలె. పనుండి వచ్చిన." కైలాసం అన్న ముఖం చూడకుండా గోడతో మాట్లాడాడు. "అవ్వ రోజు పగటీలి ఎటో పోతాంది. అడుగుతె గుడికంటది. ఆ దిక్కు గుడే లేదు. కాళ్ల కడియాలు గూడ కనవడ్తలెవ్వు. ఎవడో బాబాగాడు ముసల్దాన్ని బుట్టల ఏసుకున్నడని నా అనుమానం. జర ఆరా తియ్యి."

"తీస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

తమ్ముడు వెళ్లిపోయాక గుండయ్య మోకాళ్లూని ప్రార్థన చేశాడు. ఏ పని మొదలుపెట్టినా ఆయనకు అది అలవాటు. ఆ రోజు ప్రార్థన కాస్త పొడుగైంది. "దేవునికి కాశిబుగ్గ తొవ్వ తెలుసు గాని, నువ్వు లేచి నడువు" అంది సరోజన.

కన్నతల్లి వెనక రహస్యంగా నడవడం అంత తేలిక పని కాదు. రాజవ్వ వయసుకు మించి చురుకు. గాజుల దుకాణం దగ్గర ఆమె ఆగితే గుండయ్య మిరపకాయల బండి చాటుకు పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా, బండి కదిలేలా తుమ్మాడు. రాజవ్వ మాత్రం వెనక్కి తిరగకుండా పోతూనే ఉంది. బతికిపోయాననుకున్నాడు గుండయ్య. తుమ్ము తుడుచుకునేలోగా ఆమె జనంలో కలిసిపోయింది.

ఆదివారం ఆరాధనలో గుండయ్య పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతు మరీ గొప్పది కాదు గానీ పెద్దది. రెండో చరణంలో కిటికీ వైపు చూస్తే, బయట కానుగ చెట్టు కింద, చీర చెంగు తలమీద కప్పుకుని, రాజవ్వ నిలబడి ఉంది. కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది. గుండయ్యకు పాట మరిచిపోయినంత పనైంది. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది. పాట అయ్యేదాకా నిలబడుతుంది, ప్రసంగం మొదలయ్యేసరికి వెళ్లిపోతుంది.

ఇక గుండయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. విత్తనం పడింది, మొలకెత్తుతోంది అనుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పాస్టరుగారి దగ్గరికి పోయి చెప్పాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, మంచివాడు, వెంటనే సంఘమంతా స్తోత్రం చెప్పేలా చేశాడు. గుండయ్య అవ్వకోసం రాహేలు అని బాప్తిస్మం పేరు కూడా ఎంచి పెట్టుకున్నాడు.

"ముందుగాల ఆమెను అడుగు" అంది సరోజన.

"అడిగేదేముంది. కండ్లతోని చూస్తలేనా?"

"కడియాల సంగతేంది మరి?"

అదొక్కటే కుదరడం లేదు. అందుకే సోమవారం మళ్లీ వెంటబడ్డాడు. ఈసారి రాజవ్వ నేరుగా వరంగల్లు బజారులో వీరభద్రం కిరాణా దుకాణంలోకి వెళ్లి, కొంతసేపటికి బయటికొచ్చి మలుపు తిరిగింది. గుండయ్య ఏమీ ఎరగనట్టు వెళ్లి పొగాకు అడిగాడు.

వీరభద్రం నవ్వాడు. "పొగాకు మీరు తాగరు గద. మీ అవ్వ సంగతికొచ్చిండ్రు, రాండ్రి." గోదాములోకి తీసుకుపోయి మూలన ఉన్న గోనెసంచి పైకెత్తాడు. కింద బెల్లం దిమ్మలు, గోడవారగా నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. "ఈ కంట్రోలు కాలంల బెల్లం పుట్టిచ్చుడు నా వల్ల గాదంటె వింటదా? కడియాలు నా చేతుల వెట్టి, దొరికినప్పుడల్ల తీసివెట్టుమన్నది. ఇంట్ల వెట్టుకుంటె చిన్నకొడుకు అడుగుతడట."

"ఇంత బెల్లం ఏం చేసుకుంటదట?"

"నన్నే అడగరాదా" అన్న మాట వెనకనుంచి వినబడింది. రాజవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. "మిర్చి బండి చాటుకు పోయిన నాడే చూసిన. దొంగలను గిట్లనే పట్టేటోనివా?"

గుండయ్య సిగ్గుపడలేదు, సిగ్గుపడే తీరిక లేదు. ఆయన గుండె వేరే ప్రశ్న మీద ఉంది. "అవ్వా, ఐతారం ఐతారం కిటికీ కాడికి ఎందుకొస్తానవు?"

"నిన్ను చూద్దామని."

"నన్నా?"

"ఎంత బరువున్నవో అని. కోటేసుకుంటె తెల్వది. పాట పాడేటప్పుడు ఊపిరి వట్టి పొట్ట ముందటికి తెస్తవు సూడు, అప్పుడు మంచిగ అందాజ దొరుకుతది."

వీరభద్రం గబగబా దుకాణం ముందుకు పోయాడు, నవ్వు ఆపుకోవడానికి. గుండయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాహేలు అన్న పేరు ఆయన నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. పాస్టరుగారికి ఏం చెప్పాలన్న దిగులు ఒక పక్క, మూడు వారాలు పెంచుకున్న ఆశ ఒక్క మాటతో కూలిన బాధ ఇంకో పక్క.

రాజవ్వ బెల్లం దిమ్మల పక్కనే చతికిలబడి చెప్పుకొచ్చింది. గుండయ్యకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవలేదు. బతికితే వాడి బరువంత బంగారం పెడతానని మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకుంది. ఆ జాతరలో బెల్లాన్నే బంగారమంటారు. ఎవరికోసం మొక్కారో వాళ్లను తక్కెడలో ఒకవైపు కూచోబెట్టి, రెండోవైపు అంత బెల్లం వేసి, బండికెత్తి తీసుకుపోయి తల్లి గద్దె మీద పెట్టాలి. పిల్లవాడు బతికాడు. వచ్చే జాతరకు, ఆ పై జాతరకు అంటూ గుండయ్య తండ్రి వాయిదా వేస్తూ పోయి, ఆయనే పోయాడు.

"చిన్నగున్ననాడే తూస్తె రెండు దిమ్మలతోని పోయేది. ఇప్పుడు సూడు, మిషనోళ్ల రొట్టె తిని ఎట్లయినవో." రాజవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను ఇంకో జాతర చూస్తనో లేదో. మాఘ పున్నానికి బండ్లు వోతానయి. నువ్వు రావద్దు, మొక్కద్దు, నీ దేవుడు నీకున్నడు. ఒక్కసారి కాంటల కూసో."

"అందాజ దొరికిందంటివి గద. గంతే తీస్కపో అవ్వా."

"అట్లనే అనుకున్న. గని తల్లి ముందట నిలవడి, తూసిన అని ఎట్ల చెప్పాలె? తూయకుండ తూసిన అని నేను చెప్పలేను కొడుకా."

చూడనిది చూశానని చెప్పలేక నడుముపట్టీ విప్పి ఇచ్చిన సాయంత్రం గుండయ్యకు గుర్తొచ్చింది. ఆ గుణం పుస్తకం చదివితే వచ్చిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు ఎదురుగా కూచుని ఉంది.

అయినా అంత సులువుగా తేలలేదు. పది ఆజ్ఞల్లో రెండు ఆయన్ను చెరో చెయ్యి పట్టుకుని లాగాయి. వేరే దేవుడి ముందు వంగకూడదని ఒకటి, తల్లిని గౌరవించాలని ఇంకొకటి. పాస్టరుగారి దగ్గరికి పోయి ముందు రాహేలు సంగతి ఒప్పుకున్నాడు, తర్వాత ఇది చెప్పాడు. పాస్టరుగారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "కూర్చోమని నేను చెప్పలేను గిద్యోనూ. కూర్చుంటే సంఘం ఊరుకోదు, కొన్నాళ్లు ప్రభువు బల్లకు, ఆ రొట్టెకూ ద్రాక్షరసానికీ దూరంగా ఉంచాల్సి వస్తుంది. తెలిసి చెయ్యి, ఏది చేసినా."

ఇంట్లో సరోజన తేల్చేసింది. "మొక్కింది నువ్వు గాదు. పోయేది నువ్వు గాదు. చిన్నప్పుడు సంకల ఎత్తుకోని బరువు మోసింది, ఇప్పుడు ఎంతైనవో చూస్త అంటాంది. గంతే గద."

బజారు కిటకిటలాడే వేళ గుండయ్య వీరభద్రం దుకాణం ముందు పెద్ద కాంటా తట్టలో బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఊళ్లో అందరి గుట్టూ తెలిసిన మనిషి ఇలా నడిబజారులో ఊగుతుంటే చూడటానికి జనం మూగారు. అందులో సంఘం పెద్ద సారంగపాణి కూడా ఉన్నాడు. గుండయ్య ఆయన కళ్లలోకి చూసి నమస్కారం పెట్టాడు, దాక్కోలేదు.

రాజవ్వ కోటు విప్పమంది. "జేబుల ఆ బుక్కున్నది. అది మీ దేవుని బరువు, మా తల్లికెందుకు." విప్పిన కోటును తనే మడిచి, దుమ్ము తగలకుండా చేతిమీద వేసుకుంది. గోదాములో బెల్లమంతా రెండో తట్టలోకి చేరింది. గుండయ్య తట్ట ఇంకా కిందనే ఉంది. లోపల బెల్లం అయిపోయింది. రాజవ్వ ముఖం వాడిపోయింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ కైలాసం వచ్చాడు. సంగతి ఎవరు చెప్పారో ఏమో, పక్క దుకాణంలో కొన్న దిమ్మ ఒకటి భుజాన ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా దాన్ని తట్టలో పెట్టాడు. కాంటా కాస్త ఊగి, సమంగా నిలిచింది. "దిగన్నా, కాలు జారుతది" అని చెయ్యి అందించాడు. బాప్తిస్మం రోజు తర్వాత ఆ నోట 'అన్నా' అన్న పిలుపు గుండయ్య వినడం అదే మొదలు.

సంఘం చెప్పినట్టే చేసింది. ఈస్టరు దాకా గుండయ్యకు బల్ల లేదు, పాట ఎత్తుకోవడం లేదు. ఆయన వెనక బెంచీలో కూచుని, ఊపిరి బిగబట్టి, లోపలే పాడుకునేవాడు. కష్టంగానే ఉండేది. దేవుడు కూడా అలిగాడేమో అని అప్పుడప్పుడు భయపడేవాడు.

ములుగు అడవి దాటి, మేడారం పోయి, జాతర బండ్లు తిరిగొచ్చిన మధ్యాహ్నం మిషను సందులో రాజవ్వ కనబడింది. నుదుట తల్లి గద్దె పసుపు, పాదాల నిండా దుమ్ము. నేరుగా వచ్చి గుండయ్య గడప మీద కూచుంది. సరోజన చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడింది. "ఏందట్ల చూస్తానవు, ఇయ్యి. నడిచొచ్చిన" అని అందుకుని గటగటా తాగింది.

తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడంత బెల్లం ముక్క. గుండయ్య ముఖం చిన్నబోయింది. తల్లి తెచ్చిందాన్ని వద్దనలేడు, వేరే దేవత ముందు పెట్టిందాన్ని తినలేడు. బల్లకు దూరమై ఉన్నవాడికి ఇది ఇంకో పరీక్షలా వచ్చిపడింది.

"భయపడకు. ఇది తల్లి కాడ పెట్టలె" అంది రాజవ్వ. "మీరు గద్దెమీద పెట్టింది తినరంట గద, బజార్ల కలిసినప్పుడు సరోజన చెప్పింది. అందుకే పెట్టకముందే నీ బరువులకెల్లి ఇంత ఇరిచి కొంగుల కట్టుకున్న. గింత తక్కువైంది తల్లీ, నా పెద్దకొడుకు తినాలె, ఏమనుకోకు అని చెప్పిన. ఆమె గూడ తల్లే గద, ఏమనలె."

గుండయ్య ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోలేదు.

"ఏడ్సుకుంట తినకు" అంది రాజవ్వ, కొంగుతో ఆయన గడ్డం తుడుస్తూ. "బెల్లం ఉప్పగైతది."