గెలుపు గీత దాటాక

గుర్రాలు గెలుపు గీత దాటగానే జనం కళ్లన్నీ గెలిచినవాడి మీదే ఉంటాయి. ఆమె కళ్లు మాత్రం గుర్రాల మీద. అదుపు తప్పిన గుర్రం పక్కన తన గుర్రాన్ని పరిగెత్తించి, దాన్ని పట్టుకుని ఆపడం ఆమె ఉద్యోగం. మైదానంలో అందరూ ఆమెను కళ్లెమక్క అంటారు. ఆమె మొహాన నవ్వుండదు, నోట మాటుండదు. ఆమె చేతికి చిక్కిన గుర్రం మాత్రం పిల్లిలా అయిపోతుంది.

ఆ ఉద్యోగంలో ఆమె జీతం కోసం చేరలేదు, పగ తీర్చుకోవడానికి చేరింది.

గీత దాటిన గుర్రాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. మైదానం వంపు దాకా దాని మానాన దాన్ని పోనిచ్చి, పగ్గాలు కాస్త బిగిస్తూ, కాస్త వదులుతూ మెల్లగా దారికి తెచ్చుకోవాలి. నిన్నగాక మొన్న జీనెక్కినవాడికీ తెలిసిన సంగతే ఇది. ఆ మైదానంలో పేరుమోసిన పెద్ద జాకీ ఒకడికి మాత్రం అంత ఓపికెక్కడిది? గెలిచాడంటే చాలు, జనం కూర్చునే స్టాండ్ ఎదురుగానే గుర్రాన్ని గుంజి ఆపి, రికాబుల మీద లేచి ఫొటోలకు చెయ్యి ఊపేవాడు. అలా ఆపిన ఒక రోజు, వెనకే వస్తున్న ఆమె తమ్ముడి గుర్రం దాన్ని గుద్దుకుని కూలింది. తమ్ముడి నడుము విరిగింది. కుర్రాడికి గుర్రాన్ని ఆపడం రాదని విచారణలో పెద్ద జాకీ తడుముకోకుండా చెప్పాడు. అధికారులు తలలూపారు. అప్పట్నుంచి తమ్ముడు మంచానికే అతుక్కుపోయాడు. ఆ జాకీ ఎప్పటికైనా తన చేతికి చిక్కకపోతాడా అని ఆమె పళ్లు నూరుకుంటూ బతికింది.

చిక్కాడు. ఆ రోజూ గెలిచాడు, అలవాటు ప్రకారం గుంజాడు. ఒక పగ్గం పుటుక్కున తెగింది. బెదిరిన గుర్రం పిచ్చెత్తినట్టు వంపు వైపు దూసుకుపోయింది. పెద్దమనిషి ఫొటోల సంగతి మరిచిపోయి గుర్రం మెడ కావలించుకున్నాడు. ఆమె తన గుర్రాన్ని అదిలించి పక్కకు చేరింది. అబద్ధమెందుకు, వాడి మొహం చూసి ఆమె కడుపు చల్లబడింది.

"పట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

"మా తమ్ముడు పడ్డ రోజు ఏం చేశావో చెప్పు."

ముందు పట్టుకోమని, ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందామని బేరాలాడాడు. ఆమె చెయ్యి చాపలేదు. ఎదురుగా వంపు దగ్గరపడింది; ఒక్క పగ్గంతో గుర్రాన్ని తిప్పడం వాడి వల్ల కాదు.

"వాడు వెనకాలే ఉన్నాడని తెలుసు. తెలిసే ఆపాను."

అప్పుడు ఆమె వంగి కళ్లెం అందుకుంది. లాగలేదు. రెండు గుర్రాలనూ జంటగా పరిగెత్తనిస్తూ, వంపంతా తిప్పి, వేగం మెల్లమెల్లగా తగ్గించింది. గుర్రం నడకలోకి వచ్చాక కూడా కళ్లెం వదల్లేదు. వాణ్ణి దిగనివ్వకుండా అలాగే అధికారుల ముందుకు నడిపించుకుపోయి, తనకు చెప్పింది వాళ్లకూ చెప్పమంది. ఇంకా వణుకు తగ్గని పెద్ద జాకీ అందరి ముందూ అంతా కక్కేశాడు. ఇక జన్మలో రేసులో పాల్గొనకుండా వాణ్ణి వెలివేశారు.

ఇంటికొచ్చి తమ్ముడి మంచం అంచున కూర్చుని, పొల్లుపోకుండా అంతా చెప్పింది. వాడి మొహం వెలిగిపోతుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. తమ్ముడు కప్పుకేసి చూస్తూ విన్నాడు.

"ఎందుకు ఆపావక్కా?" అన్నాడు చివరికి.



"పాపం, గుర్రం ఏం చేసిందిరా?"

"నేను మాత్రం ఏం చేశాను?" అని తమ్ముడు గోడవైపు మొహం తిప్పుకున్నాడు.