రఫూ పిన్ని, కొత్త దీపాలు

చిరిగిన బట్టను చిరగనట్టు చేయడం ఆమె వృత్తి. పురుగు కొట్టిన కోటు గాని, నిప్పురవ్వ పడిన శాలువ గాని చేతికి వస్తే, పోగు పక్కన పోగు అల్లి, ఆ రంధ్రం ఎక్కడ ఉండేదో సొంతదారుకే తెలియకుండా చేసి పంపేది. ఆ పనిని రఫూ అంటారు కనుక ఆ భవనంలో పిన్నలకూ పెద్దలకూ ఆమె రఫూ పిన్ని. ఆమె భర్త బస్సు కండక్టరుగా పనిచేసి విరమించినవాడు. మెట్లు దిగేటప్పుడు కూడా వెనక ఎవరో ఎక్కుతున్నట్టు "రైట్, రైట్" అనుకుంటూ దిగుతాడు కనుక ఆయన రైట్ బాబాయి.

పిన్ని కూర్చునేది ముందుగదిలో. దానికి ఉన్న ఒకే కిటికీ పక్క భవనపు గోడకు ముఖం ఆనించి ఉంటుంది. అందుచేత పగలైనా సాయంత్రమైనా ఆమెకు ఆధారం పైకప్పులో వరుసగా అమర్చిన స్పాట్‌లైట్లే. అవి హాలోజన్ దీపాలు. చూడడానికి చిన్నవే గాని కొలిమిలా కాలేవి. వాటి కింద కాసేపు కూర్చుంటే పాపిట చుర్రుమనేది. ఆ తాపాన్ని ఆమె నియమంగా పాటించే వ్రతంలా భరించేది. బట్ట లోపలి మడతలోంచి తీసిన పోగు రంగు వెలియకుండా ఉంటుంది, పైబట్ట వెలిసి ఉంటుంది, రెండింటికీ పొసగదు. కనుక తన రేకుపెట్టెలోని దారాలలో ఒకదాన్ని ఎన్నుకుని, బట్ట మీద పరిచి, తల ఒక పక్కకు వాల్చి చూసేది. ఒకసారి ఇదే అని తేలాక మరి చూసేది కాదు. ఎండలోకి తీసుకెళ్ళి సరిచూసుకోమని ఎవరైనా అంటే, "ఎందుకమ్మా, నా కళ్ళు ఉన్నాయిగా" అనేది. వినేవారికి అది గర్వంగా తోచేది. ఆమెకు మాత్రం అది భక్తుడికి తన ఇష్టదైవం మీద ఉండే నమ్మకం వంటిది.

విరమణ తరువాత రైట్ బాబాయికి కాలు ఒకచోట నిలవలేదు. జీవితమంతా కదిలే నేల మీద నిలబడినవాడికి కదలని నేల మీద కూర్చోవడం పెద్ద శిక్ష. గొళ్ళేలకు నూనె పెట్టాడు, కారని కుళాయిని బిగించి కారేలా చేశాడు, చివరికి తల పైకెత్తి దీపాలను చూశాడు. పిన్ని చెల్లెలింటికి వెళ్ళిన ఒక పూట స్టూలెక్కి, హాలోజన్లన్నీ ఊడదీసి, వాటి స్థానంలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టాడు.

"ఏమైనా తేడా తెలుస్తోందా?" అన్నాడు ఆమె గడప దాటగానే.

"తెలుస్తోంది. స్టూలెక్కారు. నడుం పట్టుకుని నిలబడ్డారుగా."

"అది కాదే, పైకి చూడు! చెయ్యి పెట్టినా కాలదు. ఇక నీ మాడు చల్లగా ఉంటుంది."

"నా మాడు మీకెప్పుడు గుర్తొచ్చింది?"

"పెళ్ళైనప్పట్నుంచీ గుర్తే. చెబుదామంటే నువ్వు ఎక్కడా స్టాపు ఇవ్వలేదు."

ఆమె నవ్వింది. నిజంగానే తల చల్లగా ఉంది. ఆ సాయంత్రమే, వీధి చివరి దర్జీ పంపిన కోటును ఒడిలోకి తీసుకుంది. ముదురు మెరూన్ రంగు ఉన్ని కోటు. కుడి మోచేతి దగ్గర పురుగు తిన్నది. ఒక గాయకుడిదట, సభలకు అదే వేసుకుంటాడట. దారం ఎన్నుకుంది, తల వాల్చి చూసింది, అల్లడం మొదలుపెట్టింది. పని సాగింది గాని మనసు నిలవలేదు. సూది పట్టుకున్న కొంతసేపటికే లేచి నీళ్ళు తాగేది. కూర్చుని మళ్ళీ లేచేది. కనురెప్పల వెనక ఏదో సన్నగా వణుకుతున్నట్టు ఉండేది. అలసట అనుకుంది. పని ముగించి కోటును పంపేసింది.

కోటు తిరిగివచ్చింది. దర్జీ లోపలికి రాకుండా, మెట్ల మధ్య ఆకాశం కనబడే వసారాలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఒక్కసారి ఇలా బయటికి రా. ఇది నువ్వు చేసిందేనా, బావగారికి ఇచ్చావా?"

వచ్చి చూసింది. పగటి వెలుగులో కోటు పండిన దానిమ్మలా ఎర్రగా వెలుగుతోంది. దాని మోచేతి మీద మట్టివేలితో అద్దినట్టు ఒక గోధుమరంగు మచ్చ ఉంది. అల్లికలో ఒక్క పోగు తప్పలేదు. తప్పింది రంగు.

"శనివారం ఆయనకు సభ ఉందట," అన్నాడు దర్జీ, కంఠం తగ్గించి. "కుదిరితే చెయ్యి. లేదంటే శుక్రవారం తెచ్చిచ్చెయ్యి, ఏమీ అనుకోను. నువ్వూ ఎంతకాలమని చేస్తావులే అక్కా."

ఆ చివరిమాట దయతో అన్నదే. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె తల్లికి చూపు మందగించినప్పుడు మొదట పోయింది రంగులే. ఒకనాడు ఆకుపచ్చ అనుకుని నీలం దారం ఎక్కించింది. ఆ తరువాత ఆ తల్లి సూది ముట్టలేదు. తనకూ ఆ ఘడియ వచ్చిందని పిన్ని నిశ్చయించుకుంది. కోటును లోపలికి తెచ్చి, మచ్చ కనబడకుండా మడిచి, అలమరలో అడుగున పెట్టింది. గదిలో ఒక్కసారి విప్పి చూసినా సంగతి అక్కడే తేలిపోయేది. కాని దేనికి భయపడతామో దాని వైపు చూడలేము.

మరునాడు ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అక్షరాలు చదివించాడు, రంగుల చుక్కలు చూపించాడు. "ఈ వయసుకి మీ కళ్ళు బంగారమమ్మా," అన్నాడు. ఆ మాటతో ఉన్న కాస్త నిలకడా పోయింది. కన్ను బాగుండి పని చెడితే, చెడినది ఇంకా లోపలిదన్నమాట. రేకుపెట్టె పట్టుకుని చెల్లెలింటికి పోయింది.

"ఈ దారాలు నీ దగ్గరుంచుకోవే."

"నాకెందుకే? గుండీ ఊడితే చొక్కానే మార్చేసే రకాన్ని నేను. ఏమైంది నీకు?"

"ఏం కాలేదు," అని పెట్టె మళ్ళీ చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో గదినుంచి గదికి తిరుగుతూనే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయింది. వచ్చిన బట్టలను ముట్టకుండా తిప్పి పంపింది.

"బస్సు నేను దిగాను, నువ్వెక్కావేంటే?" అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు. అప్పుడాయనకు భయం వేసింది. కారణం తోచక నాలుగు దిక్కులూ చూసి, పైకి చూశాడు. దీపాలు సన్నగా వణుకుతున్నాయి. పాపం, దీనివల్లే నిలవలేకపోతోంది కాబోలు అనుకుని బల్బుల దుకాణానికి పరుగెత్తాడు. పైకప్పు లోపల కరెంటును తగ్గించే పెట్టె ఒకటి ఉంటుందనీ, అది పాత దీపాల బరువుకు అలవాటుపడిందనీ, ఈ కొత్తవి మరీ తేలికై దానికి ఆనడం లేదనీ దుకాణదారు చెప్పాడు. పెట్టె మార్చండి, లేదా వరుసలో ఒక పాతదీపం ఉంచండి అన్నాడు. దాచి ఉంచిన హాలోజన్లలో ఒకదాన్ని రైట్ బాబాయి, ఆమె తలకు దూరంగా, గుమ్మం పక్క చెప్పుల అరకు సరిగ్గా పైన, పైకప్పులో బిగించాడు. వణుకు ఆగిపోయింది.

శుక్రవారం ఆమె కోటు బయటికి తీసింది. చేయలేనని చెప్పి ఇచ్చేయాలి. ఇక మీదట ఏదీ పంపవద్దని కూడా చెప్పాలి. కోటును చేతి మీద వేసుకుని చెప్పుల కోసం వంగింది. మోచేతి దగ్గర మట్టిమచ్చ స్పష్టంగా కనబడింది. ఆమె ఆగిపోయింది. ఇది ఇంటి లోపల. ఇక్కడ అల్లినప్పుడు ఈ మచ్చ కనబడలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది: మచ్చ మాయమై, బట్టంతా ఒకే గోధుమరంగుగా మారింది. ముందుకు వచ్చింది: కోటు ఎర్రబడింది, మచ్చ లేచింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు.

"ఏంటే, ఎక్కుతావా దిగుతావా?"

ఆమె పైకి చూసింది. "ఇదొక్కటీ పాతదా?"

"అవును. ఎందుకూ?"

"మీ కొత్త దీపాలు ఎరుపును మింగేస్తున్నాయండీ!" కోటును ఆయనకేసి చాపింది. "నా కళ్ళు పోయాయనుకున్నాను. అమ్మకు పోయినట్టు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "అయ్యో… నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే నిజమైపోతుందనిపించింది."

"అన్నీ పీకేస్తాను. ఇప్పుడే పాతవి పెడతాను," అని లేచి స్టూలెక్కాడు.

"వద్దు, దిగండి. వాటి తప్పేముంది?" అంది. వెలుగు తాను కనబడకుండా అన్నిటినీ కనబరుస్తుంది. అందువల్లనే దానిని ఎవరూ ప్రశ్నించరు. తన కన్ను అనుకున్నది సగం ఆ పాతదీపమేనని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిసి సంతోషించాలో చిన్నబోవాలో తేలలేదు.

పీట తీసుకుని మెట్ల వసారాలో ఆకాశం కింద కూర్చుంది. అల్లిక విప్పింది. దారాలన్నీ మెట్ల మీద పరిచింది. ఎక్కేవారూ దిగేవారూ వాటిని దాటుకుంటూ, "పిన్నీ, దుకాణం వీధిలోకి వచ్చిందేం?" అన్నారు. "కళ్ళకు గాలి తగలాలని," అంది తల ఎత్తకుండా. మూడు ఎరుపులను కలిపి పేని ఒక పోగు చేసింది. పొద్దు వాలేలోగా ముగించింది.

దర్జీ వచ్చి మోచేయి తిప్పి తిప్పి చూశాడు. "ఏ చెయ్యి అక్కా?"

"అది సరే. ఆ సభలో ఏ దీపాలుంటాయి?"

"పాట వినడానికి వచ్చినవాళ్ళు మోచెయ్యి చూస్తారా?"

"నేను చూస్తాను."

చూడడానికి వెళ్ళింది కూడా. శనివారం సాయంత్రం, భర్తతో కలిసి, ముందు వరుసలో కూర్చుంది. గాయకుడు మెరూన్ కోటుతో వచ్చి చెయ్యి ఎత్తి రాగం అందుకున్నాడు. వేదిక మీది దీపాలు పసుపు నుంచి తెలుపుకు, తెలుపు నుంచి నీలానికి మారుతున్నాయి. మారినప్పుడల్లా ఆమె తల ఒక పక్కకు వాలుతోంది. పక్కనున్నవారు రాగం తలకెక్కిందనుకున్నారు.

"ఎక్కడే అది?" అని చెవిలో అడిగాడు రైట్ బాబాయి.

"కుడి మోచెయ్యి."

"ఏం కనబడట్లేదు."

"నాకూ," అంది ఆమె. అయినా కుదురుగా వెనక్కి వాలలేదు. దీపం మళ్ళీ మారుతుందేమోనని చూస్తూనే ఉంది.