అన్న బువ్వ అడిగిన రోజు

పోయిన నెల మా ఆయనకు జ్వరం, దగ్గు ముదిరి దవాఖానలో చేర్చవలసి వచ్చింది. జీవితమంతా ఈ మెదక్‌లోనే నర్సు ఉద్యోగం చేసి రిటైరైన నేను, మొదటిసారి రోగి మంచం పక్కన స్టూలు మీద కూర్చునే మనిషినయ్యాను. ఆ స్టూళ్లు నడుములు విరిగేలా ఉంటాయని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియనే లేదు. నర్సు పిల్ల ఒకతి వచ్చి, ఆయన ముక్కులో దూదిపుల్ల తిప్పి, దాన్ని చిన్న సీసాలో ముంచి, ఆ నీళ్ల చుక్కలు ఒక ప్లాస్టిక్ పట్టీ మీద వేసింది. ఆ ఒక్క పట్టీ మీదే ఒక పక్క ఫ్లూ, ఒక పక్క కరోనా. నా చేతిలో చాయ్ చల్లారకముందే గీత తేలింది. "ఫ్లూనే అమ్మా, కరోనా కాదు. పరేషాన్ గాకుండ్రి" అని ఆ పిల్ల వెళ్లిపోగానే, అప్పటిదాకా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్న పక్క మంచం ఆవిడ మళ్లీ మావైపు తిరిగి, నా చేతిలో గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు పోసింది. మా ఆయన వారం తిరక్కముందే ఇంటికొచ్చి నా వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టారు కనుక ఆయన సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

నా మనసు మాత్రం ఆ పట్టీ దగ్గరే ఆగిపోయింది. వార్డులకు వార్డులు మనుషులను పడగొట్టిన రెండు జబ్బులు వేలెడంత ప్లాస్టిక్ ముక్క మీద పక్కపక్కనే బుద్ధిగా కూర్చోవడం చూస్తే, నవ్వాలో దండం పెట్టాలో నాకు తెలియలేదు. ఆ రెండింటినీ మనుషుల ముఖాల్లో చూసి పోల్చుకోవలసిన కాలం మాది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చలికాలం వచ్చిందంటే పాపన్నపేట, శంకరంపేట వైపు ఊళ్ల నుంచి జ్వరాలవాళ్లు ట్రాక్టర్ ట్రాలీల్లో గడ్డి పరుచుకుని వచ్చేవారు. అప్పుడు పరీక్షలు ఎక్కడివి, డాక్టరు ఫ్లూ అంటే అది ఫ్లూ. నిజం చెప్పాలంటే ఆ జబ్బుకు దాపరికం లేదు. పొద్దున నాట్లు వేస్తున్న మనిషి మధ్యాహ్నానికి ఒడ్డు మీద కూలబడేది. ఒళ్లంతా బడితెలతో బాదినట్టు నొప్పులు, చింతనిప్పుల్లాంటి కళ్లు, ఎవరు పలకరించినా మూలుగే జవాబు. చేయగలిగిన హంగామా అంతా మొదటి రోజే చేసేసేది. అలాగని ఫ్లూను చిన్నచూపు చూడకండి. ముసలివాళ్లను, బీడీలతో ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాళ్లను, ఒకసారి ఒక నిండు చూలాలిని కూడా అది తీసుకుపోయింది. ఆమె ముఖం మీద దుప్పటి కప్పిన చేతులు నావే. కాని అది వచ్చేటప్పుడు కేకవేసి మరీ వచ్చేది. ఎవరికి జబ్బు ముదిరిందో గుమ్మంలో నిలబడి చూస్తేనే తెలిసిపోయేది.

మా వార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. మాకు పని నేర్పిన పెద్ద సిస్టరమ్మ పెట్టిందో, ఆమెకన్నా ముందునుంచే ఉందో తెలియదు. రోగి తనంతట తాను బువ్వ అడిగిన రోజు, అతని మంచాన్ని లోపలి గోడ దగ్గర నుంచి వరండా వైపు కిటికీల దగ్గరకు జరిపేవాళ్లం. మంచం జరిగిందంటే మనిషి ఇంటికి పోతున్నట్టే లెక్క. ఇంటివాళ్లు పాత బియ్యం మెత్తగా వండి, బీరకాయ కూర, మిరియాల చారుతో పథ్యం తెచ్చేవారు. మా చర్చివాళ్లయితే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు, మిగతావాళ్లు తమ దేవుణ్ని తలచుకునేవారు, ఆ తర్వాత ఇంటి పెద్ద తన చేత్తో మొదటి ముద్ద పెడుతుంటే చుట్టుపక్కల మంచాలవాళ్లు కూడా ఒత్తిగిలి కళ్లప్పగించి చూసేవారు. జ్వరం దిగి రెండు రోజులు బాగుండి మళ్లీ నిమ్ముతో తిరగబెట్టినవాళ్లు లేకపోలేదు, కాని అది అరుదు. బువ్వ అడిగాడంటే గండం గడిచిందని నేను నమ్మాను. నమ్మడమే కాదు, మా వీధి అంతటికీ నేర్పాను.

నా ఉద్యోగం చివరికి వస్తుండగా కరోనా వచ్చింది. ప్లాస్టిక్ తొడుగుల్లో ఉడికిపోయిన ఆ రోజుల గురించి నా ఈడువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. రెండో విడత జోరుగా ఉన్నప్పుడు మా అన్న వచ్చి మా వార్డులోనే చేరాడు. నాన్న పోయాక ఇంటి బరువు మోసి నన్ను నర్సు చదువుకు పంపినవాడు ఆయనే. ట్రాక్టర్ మెకానిక్. ఆయన గొంతుకు ఫోను అవసరం లేదని, షెడ్డులో మాట్లాడితే పాపన్నపేటలో వినిపిస్తుందని అందరూ ఆటపట్టించేవారు. వచ్చేటప్పుడు పెద్ద బాధేమీ లేదు, కొద్దిపాటి జ్వరం, పొడి దగ్గు, వాసన తెలియకపోవడం, అంతే. ఫ్లూవాళ్లతో పోలిస్తే ఈయన దవాఖానకు చుట్టపుచూపుగా వచ్చినట్టున్నాడని అనుకున్నాను.

కొన్నాళ్లకు జ్వరం దిగింది. ఆ పొద్దున నేను వార్డులో అడుగుపెట్టేసరికి అన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవరో రైతు ఫోను పక్కన ట్రాక్టర్ స్టార్ట్ చేసి వినిపిస్తుంటే, "ఇంజన్ మంచిగనే ఉంది, నాజిల్ ఖరాబైంది, దాన్ని మార్చు" అని తీర్పు చెబుతున్నాడు. నన్ను చూసి, "చెల్లె, మస్తు ఆకలైతుంది, మీ వదినకు చెప్పి బువ్వ తెప్పియ్యి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వదినకు ఫోన్ చేశాను. ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి వీధి వీధంతటికీ చెప్పేసింది.

అందరం కలిసి అన్న మంచాన్ని వరండా వైపు జరపబోయాం. ఆక్సిజన్ పైపులు లోపలి గోడ పొడుగునా మాత్రమే ఉన్నాయి, కిటికీల దగ్గర లేవు. అక్కడికి పోయేవాళ్లకు వాటితో పనేముంటుంది కనుక. జరిపే ముందు, రోజూ చూసినట్టే ఆయన వేలికి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్ తగిలించాను. అందులో కనబడిన అంకె బతికి కూర్చుని మాట్లాడుతున్న మనిషిది కాదు. మిషన్ పాడైందనుకున్నాను. వేలు మార్చాను, అరచేయి రుద్ది వెచ్చబరిచాను, సెల్లులు మార్చాను. పక్క మంచం మీద ఉన్న టేక్మాల్ రైతు తన వేలు చాపి, "నాకు వెట్టి చూడుండ్రి" అన్నాడు. ఆయన అంకె నిక్షేపంగా ఉంది. మళ్లీ అన్నకు పెడితే మళ్లీ అదే అంకె. "మీ మిషన్‌ను నా షెడ్డుకు తోలుండ్రి, నేను బాగుచేస్త" అని అన్న నవ్వుతున్నాడు.

ఆ అంకెతో ఫ్లూ రోగి ఉంటే పెదవులు నల్లబడి, డొక్కలు ఎగరేస్తూ, ఒక్క మాటకు పదిసార్లు ఆగేవాడు. నా ఎదుట మా అన్న బీరకాయ కూర గురించి అడుగుతున్నాడు. భయం కన్నా ముందు నాకు ఆశ్చర్యమే వేసిందంటే నమ్మండి. ఒంట్లో ఊపిరి అడుగంటిపోతున్నా ఆ కబురు మనిషికే తెలియనివ్వని జబ్బు ఒకటి ఉంటుందా, కంటికి కనబడని ఒక నలుసు ఇంత పెద్ద శరీరంతో అబద్ధం ఆడించగలదా అని, మిషన్ పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. డాక్టరు పరుగున వచ్చారు. అన్న ముఖానికి మాస్కు బిగించి, ఆక్సిజన్ ఎక్కువ చేసి, బోర్లా పడుకోబెట్టాం. మంచం గోడ దగ్గరే ఉండిపోయింది.

తొడుగు విప్పి గేటు దగ్గరికి వెళ్లేసరికి వదిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. ఆక్సిజన్ పెట్టాం వదినా అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. "బువ్వ అడిగిండు గదనే! బువ్వ అడిగినోనికి ఏమైతది?" అంది. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. వదిన క్యారియర్ గిన్నె మూత ఇంకా గట్టిగా నొక్కి, "సరే, లేచినంక మళ్ల వండుత" అని వెనక్కి తిరిగింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకునే నిలబడ్డాను.

ఫ్లూ రోగులకు అటో ఇటో వారంలో తేలిపోయేది. అన్నకు తేలలేదు. ఎప్పుడూ లేని షుగరు ఆకాశానికెక్కింది, రక్తం గడ్డకట్టకుండా పొట్టలో సూదులు పొడిచాం, చుట్టూ మంచాలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి. తన వేలు చాపి మిషన్ మంచిదేనని రుజువు చేసిన టేక్మాల్ రైతుకు ఆ తర్వాత తిరగబెట్టింది, ఆయన దక్కలేదు. ఆయన ఊపిరికి ఆ రోజు ఏ లోటూ లేదు, అది నేను చూశాను. నాకు తెలుసు అనుకున్న ప్రతిదాన్నీ ఆ జబ్బు ఒక్కొక్కటిగా నా చేతిలోంచి లాగేసుకుంది.

బోర్లా పడుకున్న అన్న వీపును చూస్తూ గంటలు గడిపాను. ఆ వీపు లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. ఊపిరి తీసుకోవడం ఇంత పెద్ద పని అని, ఈ పనిని పుట్టిన దగ్గర నుంచి మనమంతా ఎవరూ చెప్పకుండానే చేస్తున్నామని, అన్నేళ్లు నర్సుగా ఉండి కూడా నాకు అప్పుడే తట్టింది. విచిత్రమేమిటంటే అంకె పైకి ఎక్కడం మొదలైనప్పుడు అన్న బువ్వ అడగలేదు. కళ్లు లోతుకు పోయి, ముఖం మసిబారి, పలకరిస్తే విసుక్కునేవాడు. నవ్వుతూ ఉన్ననాడు మునిగిపోతున్న మనిషి, ఇలా శవంలా ఉన్ననాడు తేలుతున్నాడు. ముఖం చూసి ఏదీ చెప్పలేక, మేమంతా ఆ చిన్న మిషన్ చుట్టూ మూగి చూసేవాళ్లం.

అన్న బతికాడు. వదిన మళ్లీ వండింది. ఇప్పుడు షెడ్డును ఆయన అల్లుడు చూసుకుంటాడు, అన్న కుర్చీలో కూర్చుని ఇంజన్ల చప్పుడు విని తీర్పులు చెబుతాడు. ఆ గొంతు మాత్రం షెడ్డు దాటదు, మెట్లెక్కితే మధ్యలో నిలబడి రైలింగు పట్టుకుంటాడు.

ఇప్పటి పిల్లలు పట్టీ చూసి, మిషన్ చూసి చెప్పేస్తారు. వాళ్లను తప్పుపట్టను, ఆ రోజుల్లో మాకూ ఇవన్నీ ఉంటే ఆ చూలాలు బతికేదేమో. కాని ఒక మనిషి ఆకలంటున్నాడంటే ఇల్లంతా పండగ చేసుకునే ఆ నిబ్బరం మాత్రం మా తరంతోనే పోయిందనిపిస్తుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి అన్నావదినలు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అన్న పళ్లెం ఖాళీ చేసి ఇంకొంచెం బువ్వ అడిగాడు. వదిన ముఖం విప్పారింది. నేను గరిటె పట్టుకునే ఉన్నాను, చూపు మాత్రం ఆయన పెదవుల మీదికి, అక్కడి నుంచి ఛాతీ మీదికి పోయింది. అన్న అది కనిపెట్టాడు. ఎడమ చేతి వేలు నా ముందుకు చాపి, "ముందుగాల చూస్కో చెల్లె, తర్వాతనే వడ్డియ్యి" అన్నాడు. ఇంట్లో మిషన్ ఉంది, కాని లేచి తెచ్చుకోలేదు. ఆ వేలు నా గుప్పిట్లో పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. అయినా వదలడానికి చాలాసేపు పట్టింది.